నాయన వేరు, నాన్న వేరు

(కమలాపురంలో అయివారి పూర్వ విద్యార్థులు జరిపిన సంస్మరణ సభలో చదివిన ఉపన్యాస పాఠం)



ఈ వేదిక మీద నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు పెద్ద విషయాలే ఎత్తుకున్నారు. ఒకరు పాపాఘ్ని, పెన్నా నీళ్ళ గురించి చెప్పారు. ఇంకొకరు కడపలో సి.పి. బ్రౌన్ బంగళా శిథిలాల మీద గ్రంథాలయం లేచిన కథ చెప్పారు. నేను రాసి పంపిన విషయం చూసి నిర్వాహకుల్లో ఒకాయన, బడిలో నాకు మూడేండ్లు పైవాడు, ఫోను చేశాడు. "వేరే విషయమే దొరకలేదా అబ్బీ నీకు?" అన్నాడు. "దొరికినాయన్నా, అవి నాకంటే బాగా తెలిసినోళ్ళు ఊర్లోనే ఉండారు. పిల్లోణ్ణి సాకేది ఒకటే నాకు రోజూ చేతిలో ఉండే పని" అన్నాను. కాసేపు పలకలేదు. తర్వాత, "సరేలే, అయివారుంటే వద్దనేవాడు కాదు" అని పెట్టేశాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వచ్చి ఇక్కడ నిలబడ్డాను.

మీలో చాలామందికి తెలిసిన సంగతే. కొందరికి తెలిసీ తెలియనట్టుంది, అందుకని ముందే చెప్పేస్తాను. నేను గే. తెలుగు పేపర్లు దీనికి వాడే మాట ఒకటుంది, స్వలింగ సంపర్కుడని. ఆ మాటలో సంపర్కం ఉంది గాని సంసారం లేదు. నా రోజులో ఉండేదంతా సంసారమే. ఆరింటికి పాల ప్యాకెట్టు, ఆరున్నరకు పిల్లవాణ్ణి లేపడం, వాడు లేవకపోవడం, ఏడుంపావుకు కనపడని ఎడమకాలి సాక్సు, ఏడున్నరకు బస్సు. మా ఇంట్లో ఇద్దరు మగవాళ్ళం, ఎనిమిదేండ్ల కొడుకు. హైదరాబాదులో అద్దె ఇల్లు. వాడు మూడో తరగతి.

వాడు నన్ను నాయనా అని పిలుస్తాడు. నేను మా నాయనను పిలిచిన పిలుపే, కమలాపురం పిలుపు. నా తోటి మనిషిది తెనాలి దిక్కు. అక్కడి పెద్దవాళ్ళకు ఒక అలవాటుంది, చిన్నపిల్లల్ని ముద్దుగా "నాన్నా" అని పిలుస్తారు. "రా నాన్నా, రెండు ముద్దలు తిందువు గాని" అంటారు. ఈయన మావాణ్ణి మొదటినుంచీ అట్లాగే పిలిచాడు. మావాడు ఆ పిలుపును కొన్నాళ్ళు విని, ఒకరోజు ఎవరూ చెప్పకుండానే తిప్పి ఆయనకే ఇచ్చాడు. అప్పటినుంచి ఆయన నాన్న, నేను నాయన. ఎవరిని ఏమని పిలిపించాలా అని అంతకుముందు మేమిద్దరం రెండు రాత్రులు కూర్చుని మాట్లాడుకున్నాం. అదంతా వృథా అయింది.

మొన్న తెలుగు పరీక్షలో 'నాన్న'కు పర్యాయపదాలు రాయమని ఇచ్చారు. తండ్రి, జనకుడు, పిత అని రాసి, నాయన దగ్గర ఆగిపోయాడు. పుస్తకంలో ఉన్నదే, ఎందుకు రాయలేదని టీచరమ్మ అడిగితే, "నాయన వేరు, నాన్న వేరు టీచర్" అన్నాడట. అర మార్కు పోయింది. ఆ అర మార్కు కోసం ఇంటికొచ్చి మా ఇద్దరితో పోట్లాడాడు.

ఇక ఈ ఊరి సంగతికి వస్తాను. 1990లలో మా వీధిలో మూడిళ్ళలో అమ్మలు కువైట్లో ఉండేవాళ్ళు. కడప జిల్లాలో పెద్దగా వివరించాల్సిన పని లేదు, మీ వీధిలోనూ ఉండే ఉంటారు. ఇంటిపనికి పోతారు, రెండేండ్లకో మూడేండ్లకో సెలవుకొస్తారు, పౌడరు డబ్బాలు, దుప్పట్లు తెస్తారు, మళ్ళీ పోతారు. ఇక్కడ పిల్లల్ని అవ్వ సాకుతుంది. అవ్వ లేనిచోట నాయన సాకుతాడు. మా పక్కింటాయన ఎర్రగుంట్ల దావలో నాపరాళ్ళ గనిలో పనిచేసేవాడు. ఆయనకు ఆరేండ్ల కూతురు. దర్గా ఉరుసుకు ఎద్దుల బండలాగుడు పందేలు జరుగుతాయి కదా, ఆ ఎద్దుల కాపులకు ఈయన చెర్నాకోలలు అల్లి ఇచ్చేవాడు. అందులో మొనగాడు. ఆ చెయ్యే కూతురికి జడలు వేసేది. పొద్దున్నే ఎదురరుగు మీద పిల్లను మోకాళ్ళ సందున కూర్చోబెట్టుకుని, ఆముదం పూసి, రెండు జడలు. ఎంత బిగువుగా అల్లేవాడంటే పిల్ల కనుబొమలు పైకి లేచి, రోజంతా ఏదో విని ఆశ్చర్యపోయినట్టు కనపడేది. ఆయన గోళ్ళ సందుల్లో రాతిపొడి ఉండేది. అది ఆముదంతో కలిసి పిల్ల పాపిట పక్కన సన్నగా బూడిదరంగు గీత పడేది.

వీధిలో ఆయన్ను చూసి అందరూ "పాపం" అనేవాళ్ళు. ఆడవాళ్ళు గిన్నెలో పులుసు పంపేవాళ్ళు. ఆడదిక్కు లేని ఇంట్లో ఆడపిల్ల ఎట్లా పెరుగుతుందని ఎవరూ తీర్పు చెప్పలేదు. నాకు గుర్తున్నంతలో ఆ పిల్ల బాగా చదివింది, నర్సయింది. నేను పోయినసారి వచ్చినప్పుడు బస్టాండులో కనపడింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది.

బిడ్డను మగవాడు సాకడం మన ఊరికి కొత్త కాదని చెప్పడానికే ఇది. ఒక్కడు సాకితే పాపమంటాం. ఇద్దరు మగవాళ్ళు కలిసి సాకితే ఎందుకో గొంతులో అడ్డం పడుతుంది.

మాకు చదువు చెప్పిన అయివారి సంగతి మీకు తెలుసు. పెండ్లి చేసుకోలేదు. అక్క పోయాక ఆమె కొడుకును తెచ్చుకుని, బడి వెనక గదిలో కిరసనాయిలు స్టవ్వు మీద వండిపెట్టి సాకాడు. మేం ట్యూషనుకు పోయినప్పుడు ఆయన రోట్లో శెనక్కాయల ఊరిబిండి నూరుతూ ఎక్కాలు అప్పజెప్పించుకునేవాడు. తప్పు చెబితే పొత్రం ఆగేది. పెండ్లి ఎందుకు చేసుకోలేదన్నది ఆయన సొంత సంగతి, దాన్ని నా వాదానికి వాడుకోను. నాకు కావలసింది ఇంకొకటి. మేనల్లుణ్ణి బడిలో చేర్చినప్పటి రిజిస్టరు ఒకసారి మాకే చూపించాడు, అందులో 'తండ్రి లేక సంరక్షకుని పేరు' అని ఒకటే గీత ఉండేది. ఆ గీత మీద ఆయన పేరు, నీలం సిరాతో. ఎవరూ ఏమీ అడగలేదు.

ఈ గీత సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

మావాడు మా ఇంటికి దత్తతగా వచ్చాడు. ఈ దేశంలో నాలాంటివాడికి వేరే దారి లేదు. అద్దెగర్భం తలుపు ఎప్పుడో మూసుకుంది. ఒకప్పుడు పరదేశాల గే జంటలు మన దేశానికి వచ్చి బిడ్డల్ని తీసుకుపోయేవాళ్ళు. 2008లో ఒక ఇజ్రాయెలీ జంటకు ముంబైలో కొడుకు పుట్టిన సంగతి ప్రపంచమంతా రాసింది. 2012లో వీసా నిబంధనలు మార్చి ఆడా మగా పెళ్ళయిన జంటలకే అన్నారు. 2021 సరోగసీ చట్టంలో ఒంటరి మగవాడికి చోటే లేదు. మిగిలింది దత్తత. అందులోనూ బాల న్యాయ చట్టం ప్రకారం ఒంటరి మగవాడు మగబిడ్డనే తీసుకోవాలి, ఆడబిడ్డను ఇవ్వరు. తమాషా ఏమంటే 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారమైతే ఇరవై ఒక్కేండ్ల తేడా ఉంటే ఒంటరి మగవాడు ఆడపిల్లనూ తీసుకోవచ్చు. ఒకే దేశం, రెండు చట్టాలు, మగవాడి మీద రెండు రకాల నమ్మకం. చెర్నాకోల అల్లే మా పక్కింటాయనను ఏ చట్టం కింద నిలబెట్టాలో నాకు తెలియదు.

2017లో పేరు నమోదు చేసుకున్నాను. ఇల్లు చూడడానికి ఒక సోషల్ వర్కరమ్మ వచ్చింది. వంటగది, కిటికీ కమ్మీలు, మందుల డబ్బా ఎంత ఎత్తులో పెట్టానో అన్నీ చూసింది. "పెళ్ళెందుకు చేసుకోలేదండీ?" అంది. "కుదరలేదమ్మా" అన్నాను. అప్పటికి సుప్రీంకోర్టు 2013లో మళ్ళీ బతికించిన, నాలాంటివాళ్ళను నేరస్థుల్ని చేసే 377వ సెక్షను అమల్లో ఉంది. ఆ రోజుల్లో నిజం చెప్పడమంటే నేరం ఒప్పుకున్నంత పని. మేమిద్దరం ఇంకా వేరువేరు ఇళ్ళలో ఉండేవాళ్ళం కాబట్టి అబద్ధం ఆడే అవసరం రాలేదు. 2018 సెప్టెంబరు 6న ఆ సెక్షను కోర పీకేశారు. 2020 జనవరిలో పిల్లవాడు ఇంటికొచ్చాడు. రెండున్నరేండ్లు.

శిశుగృహ నుంచి వచ్చిన బిడ్డ. మంచం మీద పడుకోబెడితే రాత్రికి దిగి వాకిలి దగ్గర గచ్చు మీద పడుకునేవాడు. ఏం పెట్టినా తినేవాడు, వద్దని ఎప్పుడూ అనేవాడు కాదు, అదే నాకు భయం వేసేది. తినేటప్పుడు ఎడమచేయి కంచం చుట్టూ అడ్డం పెట్టుకునేవాడు. అటూ ఇటూ చూస్తూ, పక్కనుంచి ఎవరో లాక్కుంటారన్నట్టు, గబగబా. నేను చూడనట్టు కిటికీలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి.

మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు, ఇరవై ఒక్క రోజులన్నారు. నా తోటి మనిషి ఒక బ్యాగు, ఒక లాప్‌టాప్, ఆవకాయ సీసా పట్టుకుని ఇరవై ఒక్క రోజులకని వచ్చాడు. ఇంకా పోలేదు. రోజూ ముగ్గురం గచ్చు మీద కూర్చుని తినేవాళ్ళం. ఆ డిసెంబరులో ఒక రాత్రి ఆయన మాటల్లో పడి మావాడి కంచంలోంచి అప్పడం ముక్క విరుచుకున్నాడు. విరుచుకున్నాక మా ఇద్దరికీ ప్రాణం పోయినంత పనయింది. మావాడు ఆయన చెయ్యి చూశాడు, అప్పడం చూశాడు. తన చేత్తోనే మిగిలిన ముక్క తీసి నా కంచంలో వేశాడు. ఎడమచేయి వాడి ఒడిలో ఉంది. దానికి పదకొండు నెలలు పట్టింది. పెంపకం గురించి నాకు తెలిసినదంతా ఆ పదకొండు నెలల్లోనే ఉంది, మిగతాదంతా హోంవర్కు.

తల్లి ప్రేమ మగవాళ్ళకు ఎక్కడినుంచి వస్తుందని అడుగుతారు. మర్యాదగానే అడుగుతారు, కాబట్టి మర్యాదగానే చెబుతాను. ఇజ్రాయెల్‌లో రూత్ ఫెల్డ్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. తొలిసారి తల్లిదండ్రులైన 89 మంది మెదళ్ళను స్కాను చేశారు. వాళ్ళలో 48 మంది బిడ్డ భారమంతా తామే మోస్తున్న గే తండ్రులు. బిడ్డ కదిలితే ఉలిక్కిపడే మెదడు భాగం ఆ తండ్రుల్లో తల్లులతో పోల్చదగినట్టు పనిచేస్తోంది. బిడ్డతో గడిపే వేళను బట్టి తండ్రి మెదడు మలుచుకుంటోంది. కేంబ్రిడ్జిలో సూసన్ గోలంబోక్ బృందం దత్తత తీసుకున్న గే తండ్రుల ఇళ్ళను చూసి, ఆ పిల్లలు తక్కినవాళ్ళకు తీసిపోలేదని తేల్చింది. మన భారత సైకియాట్రిక్ సొసైటీ కూడా 2023లో ఇట్లాంటివాళ్ళకు పెళ్ళి, దత్తత హక్కులుండాలని ప్రకటన చేసింది. వీటిని ఇంతటితో వదిలేస్తాను. మా అమ్మ ఇవేవీ చదవలేదు.

ఆమె దగ్గరికి నా తోటి మనిషిని తీసుకొచ్చింది 2021 నవంబరులో. పాపాఘ్ని వరదకు మన వంతెన కూలింది చూడండి, ఆ రోజుల్లో. మూడు రోజులకని వచ్చి, కడప దావ తెగడంతో వారం ఉండిపోయాం. పిల్లవాడి ముందు మా అమ్మ ఎప్పుడో కరిగింది. ఈయన్ను మాత్రం రెండు రోజులు వంటింటి గడప దాటనీయలేదు. ఈయనేమో తెనాలి మర్యాదతో "అమ్మగారూ, అమ్మగారూ" అంటాడు. మూడోనాడు ఆమె, "అమ్మగారు ఏంది, ఎవురో ఆఫీసరమ్మను పిలిచినట్ల. సంగటి కెలకను వచ్చునా నీకు?" అంది. రాదన్నాడు. "ఇన్నేండ్లు పిల్లోనికి ఏం పెడతాండారు మీరు?" అంది. లోపలికి రమ్మంది. నూకలు ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి, నడుమ తెడ్డుతో గుంత చేసి, మూతపెట్టి, దించి, రెండు పాదాల మధ్య కుండ బిగించి కెలకాలి. ఈయనకు పాదాలు కాలాయి, పిండి గడ్డలు కట్టింది. "గడ్డ పిల్లోని గొంతులో పడితే ఏం చేచ్చావు?" అని తెడ్డు లాక్కుని మళ్ళీ చూపించింది. వారం అయ్యేసరికి గడ్డల్లేని సంగటి వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో సంగటి ఆయన పనే, నాకు రాదు.

వీధిలో ఎవరో ఆయనెవరని అడిగితే మా అమ్మ, "మావానికి తోడు" అంది. అంతకు మించి ఈ రోజుకూ అనలేదు. నేనూ అనమని అడగలేదు. తోడు అన్న మాట మనవాళ్ళు పాలలో వేసే చుక్క మజ్జిగకూ వాడతారు, చీకట్లో వెంట వచ్చే మనిషికీ వాడతారు. నాకు చాలు. చట్టానికి చాలదు.

ఇప్పుడు ఆ గీత దగ్గరికి వస్తాను. మావాణ్ణి బడిలో చేర్చినప్పుడు కంప్యూటరులో తండ్రి పేరుకొక గడి, తల్లి పేరుకొక గడి. దత్తత ఉత్తర్వు చూపించాను, ఒంటరి తండ్రినన్నాను. గుమాస్తా చెడ్డమనిషేమీ కాదు. "అది నింపకుంటే ముందుకు పోదు సార్" అన్నాడు. చాలాసేపు కుస్తీ పట్టి చివరికి అందులో ఒక చుక్క పెట్టాడు. కంప్యూటరు ఒప్పుకుంది. అప్పటినుంచి మావాడి రికార్డులో తల్లి పేరు చుక్క. పాస్‌పోర్టుకు 2016 డిసెంబరు నుంచి ఒక్కరి పేరు చాలు, అక్కడ ఇబ్బంది రాలేదు. మన రాష్ట్రంలో అప్పటి అమ్మఒడి అయినా ఇప్పటి తల్లికి వందనమైనా, బడిపిల్లల ఇళ్ళకు డబ్బిచ్చే పథకం పేరులోనే తల్లి ఉంది. తల్లి లేని ఇంట్లో సంరక్షకుడికి వేస్తారు గాని, పేరు పెట్టేటప్పుడు ఆ ఇల్లు ఎవరికీ గుర్తురాలేదు. ఆ పక్కింటాయన ఇప్పుడుండి ఉంటే ఏ వరుసలో నిలబడేవాడో.

మాకు రెండో గడిలో రాయడానికి మనిషి ఉన్నాడు. అదే అసలు చిక్కు.

2023 అక్టోబరు 17న దసరా సెలవులు. పిల్లవాడు కార్టూన్ పెట్టమంటున్నాడు, మేం యూట్యూబ్‌లో సుప్రీంకోర్టు మాలాంటివాళ్ళ పెళ్ళి కేసులో తీర్పు చెప్పడం చూస్తున్నాం. ఆ కేసులో మొదటి పేర్లు హైదరాబాదువే, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. 2021 డిసెంబరులో హైదరాబాదులో చుట్టాలందరి ముందు వేడుక చేసుకున్న జంట. వాళ్ళతోపాటు కోర్టుకెక్కిన రెండో జంట మీద నా కన్ను ఉండేది. పార్థ్ ఫిరోజ్ మెహరోత్రా, ఉదయ్‌రాజ్ ఆనంద్. అర్జీ వేసేనాటికి పదిహేడేండ్లుగా కలిసి ఉంటున్నారు, ఇద్దరు బిడ్డల్ని పెంచుతున్నారు. పెళ్ళి చెల్లదు కాబట్టి ఇద్దరు బిడ్డలకూ ఇద్దరూ చట్టప్రకారం తల్లిదండ్రులు కాలేకపోతున్నామని వాళ్ళ అర్జీ. మా ఇంటి గొడవే, రెండింతలు.

ఐదుగురు న్యాయమూర్తులూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు. దత్తత దగ్గర చీలారు. రెండేండ్ల స్థిరమైన దాంపత్యం ఉన్న జంటకే బిడ్డనివ్వాలన్న నిబంధన, 5(3), అన్యాయమని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. జస్టిస్ భట్, జస్టిస్ హిమా కోహ్లి, మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎస్. నరసింహ అది చెల్లుతుందన్నారు. ముగ్గురికి ఇద్దరు. చెల్లుతుందంటూనే జస్టిస్ భట్, ఇట్లాంటి ఇళ్ళలో పెరిగే బిడ్డలు నష్టపోకుండా చూడవలసిన అవసరం ఉందని ఒప్పుకున్నారు. చూడవలసింది ఎవరో, ఎప్పుడో మాత్రం ప్రభుత్వానికే వదిలేశారు. రివ్యూ అర్జీలను 2025 జనవరిలో కొట్టేశారు. ఆ రోజు తీర్పు వినడం అయిపోయాక ఈయన లేచి కార్టూన్ పెట్టి వంటింట్లోకి పోయాడు. చాలాసేపు గిన్నెలు తోమాడు, తోమినవే.

అన్ని తలుపులూ మూసుకున్నాయని చెబితే అబద్ధమవుతుంది. 2022 ఆగస్టులోనే సుప్రీంకోర్టు ఒక నర్సు ప్రసూతి సెలవు కేసులో, కుటుంబమంటే అమ్మా నాన్నా పిల్లలనే ఒక్క అచ్చు కాదని, మా వంటి ఇళ్ళనూ పేరుపెట్టి చెప్పింది. 2024 ఆగస్టులో జాయింటు ఖాతాకు అడ్డు లేదని కేంద్రం స్పష్టం చేసింది, రేషను కార్డులో ఒకే ఇంటివాళ్ళుగా చూడమని రాష్ట్రాలకు రాసింది. అదే ఏడాది డిసెంబరులో మన రాష్ట్ర హైకోర్టు ఇద్దరు యువతులు కలిసి బతకొచ్చు, కన్నవాళ్ళు అడ్డుపడరాదంది. 2025 మేలో మద్రాసు హైకోర్టు, పెళ్ళి లేకుండానూ కుటుంబం ఉంటుందంది. మేం జాయింటు ఖాతా తెరిచాం. పిల్లవాడి ఫీజు అందులోంచే పోతుంది. ఫీజు కట్టే ఖాతాలో ఆయన పేరుంది, రసీదులో లేదు.

అమెరికాలో మనవాళ్ళ సంగతి ఒకటి. అమిత్ షా, ఆదిత్య మాదిరాజు అనే ఇద్దరు 2019లో న్యూజెర్సీలో గుడిలో పెండ్లి చేసుకున్నారు. నవ్వకండి, హోంమంత్రి కాదు. 2023లో తండ్రులు కాబోతున్నామని ప్రకటించారు. ఆ రెండో ఆయన ఇంటిపేరు విని మా అమ్మ, "మనోళ్ళేనా?" అని అడిగింది. ఆ దేశంలో పెళ్ళయిన జంట ఇద్దరి పేర్లూ బిడ్డ జనన పత్రంలో రాయాల్సిందేనని 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఆర్కాన్సా రాష్ట్రానికి చెప్పింది. అక్కడా గొడవ గడి గురించే.

ఈ గడి ఎందుకంత ముఖ్యమని అనుకునేవాళ్ళకు ఒక రాత్రి సంగతి చెబుతాను. 2022 వానాకాలం. నేను పనిమీద బెంగళూరులో ఉన్నాను. పదకొండున్నరకు మావాడికి జ్వరం నూట నాలుగు, వాంతులు. ఈయన ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. కౌంటరులో "ఫాదరా?" అన్నారు. అవునన్నాడు. ఆధార్ చూశారు. "ఇందులో వేరే పేరుంది కదా, మీరేమవుతారు?" వెనక వరుస ఉంది. పిల్లవాడు భుజం మీద కాలిపోతున్నాడు. "చిన్నాన్నను" అన్నాడు. పని జరిగింది. నేను కాగితం మీద సంతకం చేసి ఫొటో తీసి పంపాను, తెల్లారేసరికి చేరుకున్నాను. డెంగీ. ఆరు రోజులుండి బయటపడ్డాం.

ఇంటికొచ్చిన నాలుగో రోజో ఐదో రోజో, దానిమ్మ గింజలు తింటూ మావాడు, "నాన్నా, ఆ రోజు చిన్నాన్న అని ఎందుకన్నావు?" అన్నాడు. జ్వరంలో వినలేదనుకున్నాం. ఈయన దానిమ్మ ఒలవడం ఆపలేదు. "కౌంటరు దగ్గర టైము లేదురా" అన్నాడు. వాడు కొంచెం ఆలోచించి, "నాన్న అనేకి కూడా అంతే టైము గదా" అన్నాడు. వాడి మాటల్లో అప్పుడప్పుడు కమలాపురం అట్లా తొంగిచూస్తుంది.

తక్కిన ప్రశ్నలు అడుగుతూనే ఉంటాడు. కన్నమ్మ ఎక్కడుందని ఆటోలో పోతూ అడిగాడు ఒకసారి. తెలియదు నాయనా అన్నాను. పద్దెనిమిదేండ్లు నిండితే తన మూలాలు వెతుక్కునే వీలు దత్తత నిబంధనల్లో ఉంది, అప్పుడు నేనూ వెంట వస్తానని చెప్పాను. అపార్టుమెంటులో పిల్లలు మీ ఇంట్లో అమ్మ లేదా అంటే, "అవ్వ ఉంది, ఊర్లో" అని చెప్పి బ్యాటు తీసుకుని పోతాడు. పెద్దయ్యాక ఇంకా కష్టమైన ప్రశ్నలు వస్తాయని మాకు తెలుసు. వాటికి జవాబులు ముందే రాసిపెట్టుకోలేం.

రాసిపెట్టుకోగలిగింది ఒకటే. ఆ జ్వరం తర్వాత నాకు నిద్రపట్టలేదు. నేను పోతే ఈ పిల్లవాడు ఎవరికి? చట్టం దృష్టిలో ఈయన పొరుగింటివాడు. అడిగి తెలుసుకున్నాను. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం తండ్రికి ఒక వీలిచ్చింది. తన తర్వాత బిడ్డకు సంరక్షకుడు ఎవరో వీలునామాలో రాసిపెట్టవచ్చు. అది నేను పోయాకే పనికొస్తుంది, ఉన్నన్నాళ్ళు ఆసుపత్రి కౌంటరు దగ్గర పనికిరాదు. రేపు ఎవరైనా దావా వేస్తే కోర్టు బిడ్డ మేలు చూసి వేరేగా తేల్చవచ్చు కూడా. అయినా ఉన్నది అదే.

పోయిన సంక్రాంతికి ఇక్కడికి వచ్చినప్పుడు రాయించాను. ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు నా బాల్య స్నేహితుడు, ఈ సభలోనే ఉన్నాడు. రెండో సాక్షి మా అమ్మ. వకీలు చదివి వినిపించాడు. ఈయన పేరు దగ్గర 'నా స్నేహితుడు' అని ఉంది. మా అమ్మ ఆపి, "తోడు అని రాయకూడదా?" అంది. "దానికి చట్టంలో అర్థం లేదమ్మా" అన్నాడు వకీలు. ఆమె ఇంకేం అనలేదు. కళ్ళజోడు తుడుచుకుని, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, తన పేరు మొత్తం రాసింది.

కాగితంలో స్నేహితుడనే ఉంది. నకలు ఒకటి మా అమ్మ బీరువాలో పెట్టాం, చీరల కింద. అవసరమొస్తే ఎక్కడుందో ఈ సభలో నలుగురికి తెలిసి ఉండడం మంచిదని చెబుతున్నాను.